ఇచ్చేకి ఉండేది ఒకటే

పాత సంగతి ముందు చెప్పేస్తాను. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళు పక్కవాళ్ళని గిల్లి "ఎవరీవిడ, ఏమిటీ గోల" అని అడగక్కర్లేకుండా ఉంటుంది.

నా పేరు ప్రార్థన. మిలిటరీ ఆస్పత్రిలో కిడ్నీ డాక్టర్ని, హోదాకి లెఫ్టినెంట్ కల్నల్‌ని. నా వార్డులో నాయక్ ఆంజనేయులు అనే జవాను ఉన్నాడు. సొంతూరు కోసిగి పక్కన, అంటే మా ఆదోని వైపు మనిషే. పరుగు పరీక్షల్లో వెనకబడకూడదని మోకాళ్ళ నొప్పులకి ఏళ్ళ తరబడి మాత్రలు మింగాడు. కాళ్ళు వాచాయి. చెబితే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు, ప్రమోషన్ ఆగుతుంది అని బూట్ల లేసులు వదులుగా కట్టుకుని తిరిగాడు. బయటపడేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. ఇప్పుడు డయాలసిస్ మిషన్ మీద బతుకుతున్నాడు. చేతి రక్తనాళంలో మిషన్ కోసం చేసిన దారి రెండుసార్లు మూసుకుపోతే మెడలో గొట్టం పెట్టి నడిపిస్తున్నాం. ఆ గొట్టానికి ఒకసారి చీము పట్టింది. ఇంకోసారి పడితే నేను ఎవరికీ ఏ హామీ ఇవ్వలేను.

కిడ్నీ ఇస్తానని అన్న సోమప్ప వచ్చాడు. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. మాకొక పద్ధతి ఉంది. కిడ్నీ ఇచ్చే మనిషిని తలుపు వేసి, ఇంటివాళ్ళెవరూ వినకుండా అడుగుతాం: నీకు మనసారా ఇష్టమేనా? కాదంటే ఆ మాట ఆ గది దాటదు. బయట కూర్చున్నవాళ్ళకి ఏదో ఒక వైద్య కారణం చెప్పి పంపేస్తాం. సోమప్ప నేలచూపులు చూస్తూ "బోరాలు మోసి బతికేవాన్ని మేడం. ఒకటి తీసేస్తే మళ్ళా ఎత్తగల్తానో లేదో. నాకి భయం" అన్నాడు. కొన్నాళ్ళు ఆగి ఎత్తవచ్చని చెప్పాను. "సెప్పేది మీరు, ఎత్తేది నేను కదా మేడం" అన్నాడు. నేను బయటికొచ్చి, వాళ్ళమ్మ ఉరుకుందమ్మతో "మీ పెద్దబ్బాయి కిడ్నీలో కొంచెం లోపం ఉంది, తీసుకోవడానికి వీల్లేదు" అన్నాను. పచ్చి అబద్ధం. సోమప్పది గుర్రం లాంటి ఆరోగ్యం. అయితే నాది తీసుకోండి అని ఉరుకుందమ్మ అక్కడికక్కడే చెంగు దోపింది. పరీక్షలన్నీ కుదిరాయి. ఆపరేషన్ తేదీ కూడా పడింది. ఆమె వచ్చి ఆస్పత్రిలో చేరాల్సిన రోజు రానే వచ్చింది గాని ఆమె రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

కిందటి వారం మనం ఆగింది అక్కడ. నేను సెలవు పెట్టుకుని ఆదోనిలో మా అత్త ఇంట్లో దిగాను.

మా అత్త కృష్ణాబాయికి నా ఉద్యోగం ఇప్పటికీ కొరుకుడు పడలేదు. ఉల్లిపాయ తగలని బొరుగుల ఉగ్గాని నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని విచారణ మొదలుపెట్టింది.

"ఏమే, మిలిటరీలో కాళ్ళూ చేతులూ కదా పోయేది. కిడ్నీలతో వాళ్ళకేం పని?"

"జనరల్ అయినా పొద్దున లేచి మూత్రం పోయాల్సిందే కదత్తా."

"తినేకాడ ఏం మాటలే అవి! రాఘవేంద్రా!"

"నువ్వడిగితేనే కదా చెప్పింది."

"సరే, ఇప్పుడు యాడికి బయల్దేరినావు? సెలవుకి వచ్చి కూడా రోగుల ఇళ్ళ చుట్టూ తిరిగేదేనా? వాళ్ళకి అవసరముంటే వాళ్ళే వస్తారు."

నిజానికి ఆవిడ మాటే రూలు. ఇచ్చే మనిషి వెనక్కి తగ్గితే డాక్టరు వాళ్ళ గడప తొక్కకూడదు. అది ఒత్తిడి కిందికి వస్తుంది. అందుకే నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. రమ్మని అడగను, ఎందుకు రాలేదో మాత్రం తెలుసుకుని వచ్చేస్తాను. ఆవిడకి ఇష్టం లేకపోతే నమస్కారం పెట్టి వెనక్కి తిరుగుతాను. ఇలాంటి షరతులు పెట్టుకోవడం తేలిక.

యార్డులో పత్తి సీజను. దుమ్ము, లారీలు, గేటు దాకా ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ. బోరాలు వీపున వేసుకుని పలక మీదుగా లారీ ఎక్కుతున్న హమాలీల్లో సోమప్ప కోసం చూశాను. లేడు. ఒకరినడిగితే చేత్తో అటు చూపించాడు. షెడ్డు చివర ఆడవాళ్ళు రాలిన పత్తి ఊడ్చి కుప్ప చేస్తున్నారు. వాళ్ళ మధ్య ఒక్కడే మగమనిషి, చేతిలో చీపురు. సోమప్ప.

నన్ను చూడగానే చీపురు వెనక్కి దాచాడు. ఆరడుగుల మనిషి, అంత పొడుగు చీపురు ఎక్కడ దాగుతుంది? పక్కనున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నేను నోరు తెరిచేలోపే జట్టు మేస్త్రీ ఏసన్న వచ్చేశాడు. తెల్ల మీసాలు, భుజాన ఎర్ర తువ్వాలు. నేను మిలిటరీ డాక్టర్నని తెలియగానే చేతులు జోడించాడు.

"బాగా సెప్పినారు మేడం. మీరు సెప్పకపోయింటే మాకేం తెలుసు? మోయించి మోయించి సంపేసుండేవాళ్ళం. వీళ్ళమ్మ ఈడికే వచ్చి నా కాళ్ళ మీద పడె. 'మావోని కిడ్నీ బాగలేదంట, వాని భుజం మీదికి బోరా ఎక్కించొద్దు ఏసన్నా' అని. అప్పట్నించి ముట్టనిస్తే ఒట్టు."

"కొద్దిగా కూడా మోయనివ్వరా?"

"మా జట్టు కట్టుబాటు మేడం అది. జబ్బుమనిషి మోయగూడదు. ఎనకట ఒకాయప్ప గుండె నొప్పి దాసిపెట్టి మోసినాడు. పలక మీంచి బోరాతో సహా కింద పడినాడు. ఆ ఉసురు జట్టంతా మోయాల కదా. అట్లని తీసేయం. కూసోబెట్టి ఊడ్సే పని ఇస్తాం. వీడు రోజూ ఏడుస్తాడు, ఎత్తుతా అన్నా, ఎత్తుతా అన్నా అని. నేనెందుకు ఇంటా?"

చాలా మంచి మనిషి ఏసన్న. మంచివాళ్ళ చేతిలో పడితే తప్పించుకోవడం ఎంత కష్టమో సోమప్ప మొహంలో కనిపిస్తోంది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ మందు వేసింది నేను.

సోమప్పని గేటు బయట టీ బంకు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏ పని పోతాదని మీకి వద్దన్నానో ఆ పనే పోయె మేడం," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. "నా కొడుకు ఇస్కూల్లో సెప్పుకుంటాండాడంట, మా నాయన ఆడోళ్ళతో ఊడుస్తాడని."

"నీకేం లేదని ఇంట్లో చెప్పెయ్యి సోమప్పా."

"ఏమని సెప్పేది? తమ్మునికి ఇయ్యనని నా నోటితో నేనే అన్న్యానని సెప్పేదా? మీరు ఆదోనోళ్ళే కదా. ఆ మాట బయటికొస్తే ఈ ఊర్లో నేను తలెత్తుకుని తిరగ్గలనా?"

"మరి నన్నేం చేయమంటావు?"

"ఏమొద్దు. మీరు తలుపేసి మాటిచ్చినారు. ఆ మాట మీద ఉంటే సాలు."

ఉంటాను. ఒకసారి ఇచ్చిన మాట అది. అది తప్పితే రేపు ఏ సోమప్పా నా ముందు నిజం చెప్పడు. ఆ అబద్ధం ఆడినందుకు నేను సిగ్గుపడటం లేదు, ఈ సంగతి ఇక్కడే స్పష్టంగా చెబుతున్నాను. మళ్ళీ అదే గదిలో అదే మనిషి అదే మాటంటే మళ్ళీ అదే చేస్తాను.

"మీ అమ్మ ఎందుకు రాలేదు?" అని అడిగాను.

"ఇంటికి రాండి. ఆయమ్మనే అడుగుదురు," అన్నాడు. టీ సగం వదిలేసి నాకంటే ముందే నడిచి వెళ్ళిపోయాడు.

వాళ్ళ ఇల్లు యార్డుకి దగ్గరే. ఒక గది, దాని ముందు రేకుల పంచ. సోమప్ప భార్య సుంకమ్మ నన్ను చూసి నవ్వలేదు, రమ్మనలేదు. మంచం వాల్చి దాని మీద దుప్పటి మాత్రం పరిచింది. ఉరుకుందమ్మ పంచలో కూర్చుని పెద్దకొడుక్కి అన్నం వడ్డిస్తోంది. మధ్యాన్నం భోజనానికి అతను రోజూ వచ్చే వేళ అనుకుంటాను. ఆమె సన్నటి మనిషి, చేతులు మాత్రం పని చేసిన చేతులు.

"రాండి మేడం, రాండి. మా ఇంటికి మీరే వచ్చినారా!" లేచి చెంగుతో మంచం తుడిచింది. మళ్ళీ కూర్చుని కొడుకు కంచంలోకి పప్పు ఒంపింది. "వీనికి ఉప్పు లేకుండా సేస్తాండాను. మా సిన్నోనికి మీరు సెప్పినారు కదా, ఉప్పు తగ్గించాల, టమాట తినగూడదు అని. అవన్నీ వీనికీ సేస్తాండాను. ముందునుంచే జాగర్త పడితే మంచిది కదా?"

సుంకమ్మ గుమ్మంలోంచి అంది. "ఇంట్లో అందరికీ అదే కూడు. పిల్లోళ్ళు ఉప్పు కోసం పక్కింటికి పోతాండారు."

సోమప్ప తల దించుకుని తింటున్నాడు.

"అమ్మా, మీరు ఆస్పత్రికి రావాల్సింది. రాలేదు," అన్నాను. "మీకిష్టం లేకపోతే అదే చెప్పండి. ఒక్క మాట కూడా అనను, వెళ్ళిపోతాను. కారణం తెలుసుకుందామనే వచ్చాను."

"ఇష్టం లేక కాదు మేడం." ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. పైన కూర్చోమంటే వినలేదు. "నేను మిమ్మల్ని ఒకటి అడుగుతా. సిన్నోనికి మొదట ఏం సెప్పినారు డాక్టర్లు?"

"మొదట అంటే?"

"వాడు మొదటి తూరి సూపిచ్చుకున్నెప్పుడు. కొంచెం లోపముంది, మాత్రలేసుకుంటే సరిపోతాదన్నారు. అవునా కాదా?"

"అవును."

"ఆ కొంచెమే యాడికి పోయిందో మీకి తెలుసు. ఇప్పుడు పెద్దోనికి మీరేం సెప్పినారు? కొంచెం లోపముందన్నారు. మీ నోటితోనే."

ఆమె సోమప్ప వైపు చెయ్యి చూపించింది.

"ఇదీ అట్లే పోతాది. ఈ పొద్దు కాకపోతే రేపు. సిన్నోనికి మిలిటరీ ఉంది. మిషనుంది, మీరున్నారు, మందులు వాళ్ళే ఇస్తారు, మంచం వాళ్ళే ఇస్తారు. పెద్దోనికి ఎవరుండారు? వీనికి ఆ మిషను ఎవరు పెడతారు? ఇద్దరు పిల్లోళ్ళు, వీడు పడిపోతే సుంకమ్మ ఏం కావాల?" ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. రోజుల తరబడి ఆలోచించి, అటూ ఇటూ తూచి పెట్టుకున్న మాటలవి. "నా దగ్గర రెండుండాయి. ఒకటి నాకి కావాల. ఇచ్చేకి ఉండేది ఒకటే మేడం. అది పెద్దోని కోసం పెట్టుకున్న్యాను. ఆ మాట మీకి ఫోన్లో సెప్పేకి నోరు రాక దాన్ని బందు సేసి పెట్టినాను."

ఇన్నేళ్ళ సర్వీసులో నాతో చాలామంది వాదించారు. బ్రిగేడియర్లు వాదించారు, వాళ్ళ భార్యలు వాదించారు. ఇంత తప్పు సంగతి మీద ఇంత సరైన లెక్క వేసినవాళ్ళని నేను చూడలేదు. అందులో తప్పు ఒక్కటే ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను, దాన్ని తీయడానికి నాకు హక్కు లేదు.

"అమ్మా, సోమప్పకి కిడ్నీ మార్చాల్సిన అవసరం రాదు. నేను చెబుతున్నాను కదా," అన్నాను.

"సిన్నోనికీ రాదన్న్యారు మేడం."

సోమప్ప వైపు చూశాను. కంచంలో వేళ్ళు ఆగిపోయాయి. అతను నా వైపు చూడలేదు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. తల్లికి చెప్పగలిగేవాడు చిన్నకొడుకే అనుకున్నాను. అతనికి తన చేతిలోని దారి సంగతి, మెడలో గొట్టం సంగతి, అన్నీ తెలుసు. అమ్మా, నాకు టైం లేదు అని అతనే అంటే ఆమె మనసు మారుతుందని నా లెక్క. నా ఫోన్ నుంచే వార్డులో అతని ఫోన్‌కి వీడియో కాల్ కలిపాను. ఆ రోజు సాయంత్రం అతనికి మిషన్ విడత ఉంది. అప్పటిదాకా మంచం మీదే ఉంటాడు.

ఆంజనేయులు మొహం తెరమీద కనిపించింది. కళ్ళ కింద వాపు, మెడకి పట్టీ. నేను కనపడగానే పడుకున్నవాడు లేచి కూర్చుని "జైహింద్ మేడం" అన్నాడు. ఫోన్ ఉరుకుందమ్మ చేతికిచ్చాను.

"ఎట్లుండావు నాయనా?"

"బాగుండా మా. నువ్వు ఎప్పుడు వస్తాండావు? మంచం రెడీగా పెట్టినారు నీకి, నా పక్క వార్డులోనే."

ఆమె దాచలేదు. నాకు చెప్పిందంతా చెప్పింది, అదే వరసలో, అదే గొంతుతో. పెద్దోనికి లోపముంది, వానికి ఎవరూ లేరు, నీకి మిలిటరీ ఉంది, ఇచ్చేకి ఒకటే ఉంది నాయనా. చెబుతున్నంతసేపూ ఆంజనేయులు కళ్ళార్పకుండా విన్నాడు.

"సరేలే మా," అన్నాడు.

అంతే. కాదనలేదు, కోప్పడలేదు. నేను వేసుకున్న లెక్క అక్కడికక్కడే మట్టిలో కలిసింది.

"అన్నకి కావాల్సొస్తే అన్నకే ఇయ్యి. పిల్లోళ్ళుండారు వానికి. నేను మిషన్ మీద ఉంటాలే, ఈడ బాగానే సూసుకుంటారు. అన్న ఉన్నాడా ఆడ? ఇయ్యి ఒకసారి."

సోమప్ప ఎడమచేత్తో ఫోన్ పట్టుకున్నాడు. కుడిచేతికి అన్నం మెతుకులు.

"అన్నా, బరువులు ముట్టొద్దు. నొప్పి మాత్రలు అసలే వద్దు, నేను సేసిన తప్పు నువ్వు సేయొద్దు. ఉప్పు లేకుంటే మొదట్లో కడుపులో తిప్పినట్లుంటాది, నాలుగు దినాలకి అలవాటైపోతాది. రవ్వంత నిమ్మకాయ పిండుకోన్నా. నీళ్ళు ఎన్ని తాగాలో మేడంని అడుగు. భయపడొద్దు."

సోమప్ప ఫోన్ మంచం మీద పెట్టాడు, దుప్పటి మీద, వెల్లకిలా. కంచం పక్కకి తోశాడు. ఆ భారీ మనిషి భుజాలు ఎగిరెగిరి పడటం మొదలైంది. మగవాళ్ళు ఏడిస్తే చూడటం నాకు అలవాటే, మా ఉద్యోగంలో రోజూ ఉండేదే. ఇది చూడలేక రేకుల వైపు చూశాను.

"నాకేం లేదు మా," అన్నాడు. "నాకి ఏ లోపమూ లేదు. బాగుండాను. నేనే ఇయ్యనన్న్యాను. భయమై ఇయ్యనన్న్యాను. మేడం నా మానం కాపాడేకి అట్ల సెప్పింది."

"అబ్బా, ఇప్పటికి నోరు తెరిసినావు," అంది సుంకమ్మ. గుమ్మానికి ఆనుకుని కొంగుతో మొహం కప్పేసుకుంది. అంటే ఆమెకి మొదటినుంచీ తెలుసు.

నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను. ఉరుకుందమ్మ కొడుకు తల పట్టుకుని తన కడుపుకి అదుముకుంది.

"సూసినారా మేడం? తమ్ముని కోసం ఎట్ల అబద్ధమాడతాండాడో సూసినారా? నా బంగారు కొండ! తన పానం పోయినా పర్లేదంట, తమ్మునికి ఇప్పియ్యాలంట. ఇట్లాంటోనికి నేను ఇయ్యకుంటే నా కడుపు కాలిపోదా?"

"అబద్ధం కాదు మా! నిజంగా..."

"ఊరుకోరా. నీ మొగం సూస్తే తెలియదా నాకి? పీక్కుపోయినావు."

ఉప్పు లేని తిండి తింటే ఎవరి మొహమైనా పీక్కుపోతుంది. సోమప్ప తల విదిలించుకుని నా వైపు తిరిగాడు. "మేడం, మీరు సెప్పండి. నేనే సెప్పమంటాండాను కదా. సెప్పేయండి."

ఉరుకుందమ్మ కూడా తిరిగింది. "సెప్పండి. మీరు మిలిటరీ డాక్టరు. మీరు సెప్పింది ఇంటా. వీని కిడ్నీ బాగుందా, లేదా?"

ఆ మాట ఎవరిదో వాళ్ళే విప్పమన్నారు. ఇక నన్ను ఆపేది ఏమీ లేదు. తల్లికి నిజం తెలియాలి, తెలియకుండా ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా అది నిర్ణయం కాదు. అంతా సవ్యంగానే ఆలోచించాను. ఒక్క సంగతి తప్ప.

"బాగుంది," అన్నాను. "రెండూ బాగున్నాయి. ఆ రోజూ బాగున్నాయి, ఈ రోజూ బాగున్నాయి. లోపం ఉందని నేనే లేని మాట చెప్పాను. ఇష్టం లేదన్నవాళ్ళని కాపాడటానికి మేము అలా చెబుతాం."

ఆమె నన్ను చూసింది. తర్వాత కొడుకుని చూసింది. చెయ్యెత్తింది, కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. మూత తీసి, పిడికెడు ఉప్పు తీసి, అతని కంచంలో అన్నం మీద పోసింది.

"తిను. నీకేం కాలే కదా. తిను."

"అత్తా, ఆయప్పని అనొద్దు," అంది సుంకమ్మ. "బోరాలెత్తి మమ్మల్ని సాకేది ఆయప్పే. భయం ఉండదా? నీకి మాత్రం భయం లేదా?"

"భయం!" ఉరుకుందమ్మ కేక పెట్టింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకప్పుడే తెలిసింది. "తమ్ముడు ఆడ సస్తాంటే వీనికి భయం! వాడు ఏం పాపం సేసినాడు? ఒక్కడు ఇయ్యనంటాడు, కన్నతల్లిని నేనూ ఇయ్యనని ఇంట్లో కూసుంటి! నా నోట్లో మన్ను పడ! ఆ పిల్లోనికి 'నీకి ఇయ్యను' అని నా నోటితో సెప్పిస్తివి కదరా!"

ఆమె ఏడ్చింది. సోమప్ప ఉప్పన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. నాకు మాత్రం, ఉన్నమాట చెప్పాలంటే, మనసులో సంతోషంగా ఉంది. ముడి విడిపోయింది. ఇక ఆమె వస్తుంది, ఆపరేషన్ తేదీ ఇంకా దాటిపోలేదు, కుర్రాడు బతుకుతాడు. డాక్టర్లు కొంచెం ఇలాంటివాళ్ళే. ఎదుటివాళ్ళ కన్నీళ్ళ వెనకాల ఆపరేషన్ థియేటర్ ఖాళీ ఉందో లేదో లెక్క చూసుకుంటాం.

ఉరుకుందమ్మ కళ్ళు తుడుచుకుని గబగబా లోపలికి పోయింది. సంచీలో చీరలు కుక్కుతున్న చప్పుడు వినపడింది.

"ఆగండమ్మా," అన్నాను గుమ్మంలో నిలబడి. "ఇంకొక్కసారి అడగాలి, ఇది మా పద్ధతి. ఇక్కడ ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. మీకు మనసారా ఇష్టమేనా?"

"తల్లిని అడిగే మాటేనా మేడం ఇది?" చీర మడత పెడుతూనే అంది. "పోదాం పదండి. రైలు ఎన్నింటికో కనుక్కోండి. నా తండ్రి నా గురించి ఏమనుకున్న్యాడో ఏమో. పోయి వాని మొగం సూడాల."

వాని మొహం అనగానే నాకు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి మంచం దగ్గరికి పరిగెత్తాను.

ఫోన్ దుప్పటి మీద అలాగే వెల్లకిలా ఉంది. కాల్ నడుస్తూనే ఉంది. తెరమీద ఆంజనేయులు మొహం, ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని వింటున్నట్టు పక్కకి వంగి ఉంది. ఎవరూ కట్ చేయలేదు. అన్న ఇయ్యనన్నది, భయమన్నది, వదిన మాట, తల్లి కేక, నా "బాగుంది", అన్నీ విన్నాడు. నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"ఆంజనేయులూ, విను. మీ అమ్మ..."

"జైహింద్ మేడం," అన్నాడు. తెర నల్లబడింది.

వెంటనే చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, స్విచ్ఛాఫ్. మిలిటరీ భాషలో చెప్పాలంటే అది నా గస్తీలో జరిగిన లోపం. మామూలు తెలుగులో చెప్పాలంటే బుద్ధి గడ్డి తిన్నది. సోమప్ప నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"విన్న్యాడా?" అన్నాడు.

జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. వార్డు నుంచి నర్సింగ్ ఆఫీసరు, లెఫ్టినెంట్ కృతి. నిదానమైన పిల్ల. ఎంత రక్తం చూసినా గొంతు పెంచదు. ఇప్పుడు హిందీలో తడబడుతూ మాట్లాడుతోంది.

"మేడమ్, నాయక్ ఆంజనేయులు సాయంత్రం మిషన్ దగ్గరికి రానంటున్నాడు. మెడలో గొట్టం తీసేయమంటున్నాడు. మీరు తీయకపోతే నేనే పీకేసుకుంటానన్నాడు. ఇద్దరు ఆర్డర్లీలు చేతులు పట్టుకుని ఉన్నారు."

"ఎందుకట?"

"'అన్న భయపడి వద్దన్నాడు, అమ్మ అన్న కోసం దాచిపెట్టుకుంది. మా ఇంట్లో ఎవరూ నా కోసం అనుకుని ఇవ్వట్లేదు. ఇప్పుడు సిగ్గుపడి ఇస్తే నాకొద్దు' అంటున్నాడు. ఆపరేషన్ వద్దని ఆఫీసరు ముందు చెబుతాడట. మేడమ్, పొద్దుటి రిపోర్టులో పొటాషియం ఇప్పటికే ఎక్కువగా ఉంది. ఈ రాత్రికి మిషన్ పెట్టకపోతే..."

పెట్టకపోతే ఏమవుతుందో ఆమె నాకు చెప్పక్కర్లేదు. గుండె ఆగిపోతుంది. బలవంతంగా కట్టేసి పెట్టడానికి అతను ఖైదీ కాదు. తెలివిలో ఉన్న మనిషి వద్దంటే వద్దనే. సోమప్పకి ఇచ్చిన ఆ హక్కే అతనికీ ఉంది.

వెనకాల అడుగుల చప్పుడైంది. ఉరుకుందమ్మ సంచీ చంకన పెట్టుకుని గడప దాటింది. జుట్టు దువ్వుకుంది, నుదుటన కొత్తగా బొట్టు పెట్టుకుంది. ఒక కాలు చెప్పులో పెట్టి, ఇంకో చెప్పు కోసం కాలితో వెతుక్కుంటూ నా చేతిలో ఫోన్ చూసింది. మొహమంతా వెలుగొచ్చింది.

"సిన్నోడేనా మేడం? అమ్మ బయల్దేరిందని సెప్పండి."